ముందు పాలసీ కట్టండి, రేడియో సంగతి తర్వాత

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు, నాకు 41 ఏళ్ళు. నంబూరు, కాజ వైపు వేసిన రెండు వెంచర్లకు మార్కెటింగ్ చూస్తున్నాను. జీతం నామమాత్రం, ఇల్లు గడిచేది కమీషన్ మీదే. ఇన్నాళ్ళూ ఎఫ్ఎం రేడియోలో ప్రకటనలు ఇచ్చాం. ఫోన్లు వస్తున్నాయి గానీ బుకింగులు లేవు. రేడియో మానేసి డబ్బంతా ఫేస్‌బుక్, యూట్యూబ్‌లో పెడదామని ఆఫీసులో కుర్రాళ్ళు అంటున్నారు. మా ఓనరుగారేమో 'ప్లాటు కొన్న ప్రతి కుటుంబానికీ 5 లక్షల ఆరోగ్య బీమా ఉచితం' అని నాయకుడి ఫొటోతో పెద్దగా వేద్దామంటున్నారు. ఈ మాట ఇంట్లో చెప్పగానే వేరే గొడవ మొదలైంది. మాకు నాలుగేళ్ళుగా ప్రైవేటు హెల్త్ పాలసీ ఉంది. అమ్మకు 67 ఏళ్ళు, షుగర్ ఉంది. రెన్యువల్ తేదీ దాటి 12 రోజులైంది, ఇంకా కట్టలేదు. మా మామగారికి 72. 'ప్రభుత్వం 25 లక్షలిస్తుంటే ఈ పాలసీ దండగ' అని ఆయన మాట. బావమరిది అవతలి పార్టీ మనిషి. 'ఆ కార్డు చూపిస్తే ఆసుపత్రిలో చేర్చుకోరు' అంటాడు. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీరు ఆఖర్న రాసిన దానికి ముందు జవాబు చెబుతాను. మిగతా రెండూ నెల రోజులు ఆగినా కొంపలు మునగవు. పాలసీ అలా ఆగదు.

ఏడాదికోసారి ప్రీమియం కట్టే హెల్త్ పాలసీకి గడువు దాటాక 30 రోజుల గ్రేస్, అంటే అదనపు గడువు ఉంటుంది. ఉత్తరం రాసేనాటికి మీకు మిగిలినవి 18 రోజులు. ఇది మీరు చదివేసరికి అందులోనూ కొన్ని పోయుంటాయి. గ్రేస్‌లో కడితే మీ నాలుగేళ్ళ సర్వీసు అలాగే కొనసాగుతుంది. కానీ గడువు తీరిన రోజు నుంచి డబ్బు కట్టే రోజు దాకా మధ్యలో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే ఆ క్లెయిమ్ రాదు. చాలామంది గ్రేస్ అంటే ఆ 30 రోజులూ బీమా ఉన్నట్టే అనుకుంటారు. కాబట్టి ఎవరి మాట వినాలన్నది తేల్చుకోకముందే, ఈ రోజే కట్టేయండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మీరు పారేసుకోబోతున్నది ఈ ఏడాది కవరేజీ ఒక్కటే అయితే అంత బాధ లేదు. ముందు నుంచీ ఉన్న జబ్బులకు కంపెనీ పెట్టగల వెయిటింగ్ పీరియడ్‌ను, అంటే ఆ జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని కాలాన్ని, గరిష్ఠంగా మూడేళ్ళకు బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్ నుంచి తగ్గించింది. అంతకుముందు అది నాలుగేళ్ళు. అమ్మగారి షుగర్ సంగతి పాలసీ తీసుకున్నప్పుడే రాసి ఉంటే, ఆ నిరీక్షణ మీరు దాటేసినట్టే. ఇప్పుడు వదిలేసి రెండేళ్ళ తర్వాత కొత్తగా తీసుకుంటే గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. అప్పటికి ఆమెకు 69. పెద్దవయసు వాళ్ళకు కొత్త పాలసీ ఇవ్వడానికి వయసు అడ్డు కాకూడదని నియమం మారింది గానీ, ఏ ప్రీమియంకి ఇస్తారో, అసలు ఇస్తారో లేదో కంపెనీ ఇష్టం.

ఇంకోటి కూడా ఉంది. పాలసీ తెగకుండా 60 నెలలు నడిస్తే, 'మీరు ఫలానా జబ్బు దాచారు' అన్న సాకుతో కంపెనీ క్లెయిమ్ ఆపడానికి వీల్లేదు, మోసం జరిగిందని రుజువు చేస్తే తప్ప. ఇంతకుముందు ఇది ఎనిమిదేళ్ళు ఉండేది, ఐదుకు తగ్గించారు. మీకు నాలుగు నిండాయి. గట్టు ఒక్క ఏడాది దూరంలో ఉంది.

డబ్బు సంగతి నాకు అర్థమైంది, కమీషన్ మీద బతికేవాళ్ళకు ఒకేసారి అంత కట్టడం కష్టమే. కంపెనీ వీలిస్తే మూడు నెలలకోసారి కట్టే పద్ధతికి మారండి. వ్యక్తిగత, కుటుంబ హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. మీ రెన్యువల్ నోటీసులో ఆ వరుసలో సున్నా ఉందో లేదో చూడండి, అలాగే అసలు ప్రీమియం పోయిన ఏటి కంటే ఎంత పెరిగిందో కూడా చూడండి. జీఎస్టీ తీసేశాక కంపెనీలకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (తమ ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) పోయింది, ఆ భారం ఎటు వెళ్తుందో కనిపెట్టాల్సింది మనమే. అమ్మగారు మీ అందరితో కలిసి ఫ్లోటర్‌లో (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీలో) ఉంటే ఆమె వయసును బట్టే మొత్తం ప్రీమియం లెక్కగడతారు. సర్వీసు పోకుండా ఆమెను వేరే పాలసీకి మార్చడం కుదురుతుందేమో కంపెనీని అడగండి. ఈ ఏడాదికి సమయం లేదు. వచ్చేసారి రెన్యువల్‌కు రెండు నెలల ముందే ఈ పని మొదలుపెట్టండి.

ఇక మామగారు, బావమరిది. తమాషా ఏమిటంటే ఇద్దరూ చెప్పేదాంట్లో నిజం ఉంది, ఇద్దరూ దాన్ని తమ పార్టీకి కావాల్సినంత మేరకే చెబుతున్నారు.

మామగారు 25 లక్షలంటున్న ఈ ఉచిత వైద్య పథకం మన రాష్ట్రంలో 2007లో రాజశేఖరరెడ్డిగారి హయాంలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైంది. రాష్ట్రం విడిపోయాక ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ. విజయవాడలో ఉన్న ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు కూడా 2022లో ఒకసారి, 2024లో ఒకసారి మారింది. పేర్ల మీద మనవాళ్ళు పడ్డ పోట్లాటలో పదో వంతు 'ఆసుపత్రి బిల్లు ఎన్నాళ్ళకు చెల్లిస్తారు' అన్న ప్రశ్న మీద పడి ఉంటే, ఈ పాటికి మీ బావమరిదికి మాట్లాడ్డానికి ఏమీ మిగిలేది కాదు.

ఎందుకంటే కార్డు పని చేసేది అక్కడే. నెట్‌వర్క్ ఆసుపత్రి ముందు వైద్యం చేస్తుంది, తర్వాత ప్యాకేజీ ప్రకారం బిల్లు పెడుతుంది, ఆ తర్వాత పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు డబ్బు చెల్లిస్తుంది. బకాయిలు పేరుకుంటే ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేస్తామంటాయి. 2024 మేలో అదే జరిగింది, 2025 అక్టోబరులోనూ అదే జరిగింది. మధ్యలో ప్రభుత్వం మారింది, ఆసుపత్రుల ఫిర్యాదు మారలేదు. మీ ఇంట్లో ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చెప్పండి. ఒక తేదీకి మామగారు, ఇంకో తేదీకి బావమరిది నోరు మూసుకోవాల్సి వస్తుంది, భోజనం ప్రశాంతంగా అవుతుంది.

25 లక్షల మాట అబద్ధం కాదు. 2023 డిసెంబరులో పరిమితిని అంతకు పెంచారు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఇంకో మార్పుకు ఆమోదం తెలిపింది: 2.5 లక్షల దాకా అయ్యే ఖర్చును బీమా కంపెనీల ద్వారా, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు ద్వారా చెల్లించే పద్ధతి. బీమా కంపెనీ వస్తే చెల్లింపులు వేగంగా అవుతాయని ప్రభుత్వ పక్షం వాదన. లాభం చూసుకునే కంపెనీ క్లెయిములకు కొర్రీలు పెడుతుందని అవతలి పక్షం వాదన. ఆరోగ్యశ్రీ తొలిరోజుల్లో బీమా కంపెనీ ద్వారానే నడిచి తర్వాత ట్రస్టు చేతికి వచ్చిందని ఇద్దరిలో ఎవరూ గుర్తు చేయరు. నా మట్టుకు నాకు, డబ్బు ఏ జేబులోంచి వచ్చినా ఫర్వాలేదు, ఆసుపత్రికి ఎన్ని రోజుల్లో అందుతుందన్నదే పథకానికి అసలు పరీక్ష.

మీకు ఇందులో వ్యక్తిగతమైన చిక్కు ఇంకోటి ఉంది. ఈ కార్డుకు కుటుంబ వార్షికాదాయం 5 లక్షలు మించకూడదన్నది ఇన్నాళ్ళూ ఉన్న నియమం. వెంచర్ బాగా నడిచి నాలుగు పెద్ద కమీషన్లు పడ్డ ఏడాది మీరు ఆ గీత దాటిపోతారు. (ఆ కమీషన్లు రిటర్న్‌లో చూపించడం లేదంటే అది మరో ఉత్తరం, దానికి నేను జవాబు రాయను.) వైద్యం కూడా జాబితాలో ఉన్న చికిత్సలకే, నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనే. అందుకని కార్డు దాచుకోండి, దాన్ని నమ్ముకుని పాలసీ వదిలేయకండి. రెండూ ఉండకూడదని ఎక్కడా లేదు.

మామగారికి ఇంకో దారి కూడా ఉంది. 70 దాటినవాళ్ళందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయో వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చింది. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్ళూ తీసుకోవచ్చు. ఆధార్ పట్టుకుని దగ్గర్లోని నెట్‌వర్క్ ఆసుపత్రిలో హెల్ప్‌డెస్కు దగ్గర ఆయన్నే స్వయంగా వెళ్ళి అడగమనండి. 104కి ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. ప్రభుత్వ పథకం మీద అంత గురి ఉన్న మనిషి ఈ పనికి బద్ధకించరు.

ఓనరుగారి ఉచిత బీమా ఆలోచన మాత్రం నాకు ఏ కోశానా నచ్చలేదు. 5 లక్షల బీమా అంటే ఎన్నేళ్ళు? మొదటి ఏడాది ప్రీమియం వెంచర్ కడుతుంది సరే, రెండో ఏడు ఎవరు కడతారు? స్టెంట్ వేయించుకున్న 64 ఏళ్ళ రిటైర్డ్ ఉద్యోగి ప్లాటు కొంటే ఆయనకూ ఇస్తారా? ఏదో ఒక గ్రూపు పాలసీ కొని అందులో పేర్లు చేర్పిస్తారు, వెంచర్ అమ్ముడైపోగానే ఆ పాలసీ ఆగిపోతుంది, ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి ఫోన్ చేసేది మీకు. ఓనరుగారి నంబరు అప్పటికి మారిపోయి ఉంటుంది. పైగా లైసెన్సు లేకుండా బీమా అమ్మకూడదు. ఇచ్చే ఉద్దేశం నిజంగా ఉంటే ముందు బీమా కంపెనీ దగ్గర ఆ ప్రకటనలోని ప్రతి మాటకూ రాతపూర్వకంగా ఒప్పుదల తెచ్చుకోమనండి. ఆ పని మొదలుపెట్టిన వారంలో ఆయనే వద్దంటారు.

ఇక నాయకుడి ఫొటో. పక్కన నాయకుడు, కింద ఆరోగ్య బీమా అని ఉంటే, చూసినవాడు ప్రభుత్వ పథకమే ప్లాటుతో వస్తోందనుకుంటాడు. ఓనరుగారికి కావాల్సింది కూడా అదే కాబోలు. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. చట్టం సంగతి అలా ఉంచి, వ్యాపారంగానే చూడండి. మన ప్రాంతంలో భూమి కొనేవాడు రాజకీయాల దెబ్బ తిన్నవాడు. 2015 అక్టోబరులో అమరావతి శంకుస్థాపన, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట, 2024లో మళ్ళీ ప్రభుత్వ మార్పు, 2025 మే 2న పనుల పునఃప్రారంభం. ఈ పదేళ్ళలో తుళ్ళూరు నుంచి తాడికొండ దాకా గజం ధర ఎలా ఎగిరిందో, ఎలా పడిందో కళ్ళారా చూసిన జనం వీళ్ళు. నాయకుడి ఫొటో చూడగానే వీళ్ళకు ధైర్యం రాదు, 'రేపు ఎన్నికలైతే ఏంటి' అన్న అనుమానం వస్తుంది. ఫొటో పెట్టే చోట ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు), రెరా నంబరు (స్థిరాస్తి నియంత్రణ సంస్థ ఇచ్చే నమోదు నంబరు) పెద్ద అక్షరాల్లో వేయండి.

రెరా అనగానే ఓనరుగారు ముఖం ఎలా పెడతారో నేను ఊహించగలను. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన ఏ లేఅవుటైనా రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడానికే వీల్లేదు, అమ్మడం తర్వాతి మాట. ప్రకటనలో నమోదు నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా ఉండాలి. ఏ మాధ్యమంలో ఇచ్చినా చట్టం దృష్టిలో అది ప్రకటనే: రేడియో, కరపత్రం, మీ వాట్సాప్ స్టేటస్ కూడా. 'ప్రీ లాంచ్ ఆఫర్' అన్న మాట ఎక్కడ వినిపించినా నంబరు ఇంకా రాలేదనే అర్థం. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఇవన్నీ ఓనరుగారి తలనొప్పులని మీరు అనుకోవచ్చు. కమీషన్ మీద ప్లాట్లు అమ్మిపెట్టే మీరు కూడా ఏజెంటుగా రెరాలో నమోదు కావాలి. కాకపోతే జరిమానా రోజుకు 10 వేలు, అమ్మిన ఆస్తి విలువలో 5 శాతం దాకా. అది మీ జేబులోంచే పోతుంది.

ఇప్పుడు రేడియో. ఫోన్లు వస్తున్నాయంటున్నారు, అంటే రేడియో తన పని చేసింది. ఫోన్ ఎత్తిన మనిషి ఏం మాట్లాడాడన్నది నాకు అనుమానం. మన వెంచర్ ఆఫీసుల్లో ఒక జబ్బు ఉంది: 'గజం ఎంతండీ?' అని అడిగితే చచ్చినా చెప్పరు. 'సార్, ఆదివారం సైట్ విజిట్‌కి రండి, కారు పంపిస్తాం, భోజనం ఏర్పాటు ఉంది' అంటారు. అవతలివాడికి కావాల్సింది భోజనం కాదు. ధర చెప్పండి, ప్లాటు సైజులు చెప్పండి, లొకేషన్ అప్పుడే వాట్సాప్‌లో పంపండి. సాయంత్రం 7 తర్వాత వచ్చే ఫోన్లు ఎవరు ఎత్తుతున్నారో కూడా చూడండి. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ప్రకటన విన్న మనిషి ఇంటికెళ్ళాకే ఫోన్ చేస్తాడు, ఆ వేళకు మీ ఆఫీసు తాళం వేసి ఉంటుంది.

కుర్రాళ్ళు చెప్పినట్టు రేడియో పూర్తిగా మానేయడం నేను ఒప్పుకోను. మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ప్లాటు కొనుగోలు ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పాలా? డబ్బు డల్లాస్‌లోనో, బెంగళూరులోనో ఉన్న కొడుకు పంపుతాడు. స్థలం చూసొచ్చేది ఇక్కడున్న తండ్రి. ఆయన కారులోనో, కొట్లోనో రేడియో వింటాడు, కొడుకు యూట్యూబ్ చూస్తాడు. శనివారం రాత్రి వీడియో కాల్‌లో 'ఫలానా వెంచరంట నాన్నా' అని కొడుకు అంటే 'ఆ, రేడియోలో వస్తుందిగా' అని తండ్రి అనాలి. ఆ ఒక్క మాట కోసం రేడియో కావాలి. అక్కడితో దాని పని అయిపోయింది. రేడియో విని ఎవడూ ప్లాటు బుక్ చేయడు.

కాబట్టి రేడియోకు బడ్జెట్‌లో నాలుగో వంతు చాలనుకుంటాను. ఏడాది పొడుగునా పల్చగా చల్లకండి. మూఢంలో, ఆషాఢంలో ఎంత అరిచినా మనవాళ్ళు అడ్వాన్సు ఇవ్వరు, ఆ నెలల్లో స్పాట్లు ఆపేయండి. దసరా ముందు, మళ్ళీ డిసెంబరు నుంచి సంక్రాంతి దాకా, అంటే అమెరికా పిల్లలు ఊళ్ళో ఉండే రోజుల్లో, పొద్దున్న, సాయంత్రం ప్రయాణాల వేళ ఒత్తుగా వేయండి. స్పాట్‌లో ఆ ప్రతిధ్వని గొంతు, 'త్వరపడండి' కేకలు తీసేయించండి. వెంచర్ పేరు, ఊరు, గుర్తుపట్టే చోటు, రెరా నంబరు, ఫోన్ నంబరు, ఇంతే. 'అమరావతికి 15 నిమిషాలు', 'ఎయిమ్స్‌కు కూతవేటు' అనకండి. కూతవేటు ఎంతో జనం ఎప్పుడో కొలిచేశారు. కాజ టోల్‌గేటు నుంచి ఇన్ని కిలోమీటర్లని చెబితే నమ్ముతారు. రేడియోకు ఒక ఫోన్ నంబరు, ఆన్‌లైన్‌కు వేరే నంబరు పెట్టండి. అప్పుడు ఏది ఎంత పని చేస్తోందో ఊహించక్కర్లేదు. ఆర్‌జేతో గానీ, రీల్స్ చేసే అమ్మాయితో గానీ డబ్బిచ్చి చెప్పిస్తే అది ప్రకటనేనని చెప్పించాలి.

ఆన్‌లైన్‌లో ఒక ఉచ్చు ఉంది, కుర్రాళ్ళు దాన్నే గొప్పగా చూపిస్తారు. ఫేస్‌బుక్ ఫారంలో పేరు, నంబరు వాటంతటవే పడిపోతాయి. వేలు తగిలితే లీడ్, అంటే కొనేవాడొకడు దొరికినట్టు లెక్క. మర్నాడు ఫోన్ చేస్తే 'నేనెప్పుడు అడిగానండీ?' అంటారు. ఒక్కో లీడ్ చవగ్గా వచ్చిందని ఆఫీసులో స్వీట్లు పంచుకుంటారు. ఆ ఫారంలో మనిషి తన చేత్తో నింపాల్సిన ప్రశ్న ఒకటి పెట్టండి: ఎన్ని గజాలు కావాలి, ఎప్పటిలోగా అని. లీడ్లు సగానికి సగం పడిపోతాయి, పడనివ్వండి. మీరు లెక్క చూడాల్సింది ఒక్కో సైట్ విజిట్‌కు ఎంతయింది, ఒక్కో బుకింగ్‌కు ఎంతయింది అని. గూగుల్‌లో 'నంబూరులో ప్లాట్లు' అని వెతికేవాడు అప్పటికే సగం నిర్ణయించుకున్నవాడు, అక్కడ కొంత డబ్బు పెట్టండి.

యూట్యూబ్‌కు డ్రోన్, సంగీతం అక్కర్లేదు. ఫోన్ పట్టుకుని హైవే నుంచి వెంచర్ గేటు దాకా కట్ చేయకుండా ఒక వీడియో తీయండి. రోడ్డు ఎంత వెడల్పుందో టేపుతో కొలిచి చూపించండి. డ్రెయిన్ ఎక్కడిదాకా వచ్చిందో, స్తంభాలు ఎన్ని నిలబడ్డాయో, వాన పడ్డ మర్నాడు నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో కూడా చూపించండి. నీళ్ళు చూపించొద్దని ఓనరుగారు అంటారు. చూపిస్తేనే అమెరికాలో కూర్చున్నవాడు మిగతావన్నీ నమ్ముతాడు. తీసింది మీరే కాబట్టి చెప్పింది నిజమేనన్న ధైర్యం ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మీ గొంతులోనూ ఉంటుంది.

ఈ వారంలో మీరు చేయాల్సింది: పాలసీ కట్టి రసీదు ఇంట్లో పెట్టండి. ఓనరుగారిని రెండు వెంచర్ల రెరా నంబర్లు అడిగి, రెరా వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి. లేఅవుట్ ప్లాన్, ఎప్పటిలోగా పూర్తి చేస్తామన్న తేదీ అక్కడ కనిపిస్తాయి. 'అప్లై చేశాం, వచ్చేస్తుంది' అని జవాబొస్తే, వచ్చేదాకా రేడియో స్పాట్, వీడియో, వాట్సాప్ స్టేటస్ అన్నీ ఆపేయండి.